హాజరుపట్టీ తిరగరాసిన వాళ్లు

పదో తరగతి కలిసి చదివినవాళ్లు పాతికేళ్లకో నలభై ఏళ్లకో ఒకచోట చేరడం ఇప్పుడు కొత్త సంగతేమీ కాదు. వాట్సాప్ వచ్చాక ఊరూరా జరుగుతున్నాయి. బడి గేటుకు ఫ్లెక్సీ, ఒకే రంగు చొక్కాలు, పాత పంతుళ్లకు శాలువాలు, మధ్యాహ్నం భోజనాలు, సాయంత్రం వీడ్కోళ్లు. మర్నాడు జిల్లా పేజీలో చిన్న వార్త వస్తుంది, ఆత్మీయ సమ్మేళనం ఘనంగా జరిగిందని. ఆ వార్త పక్కన వేసే ఫొటోను ఎప్పుడైనా నింపాదిగా చూడండి. ముందు వరసలో కుర్చీల్లో పంతుళ్లుంటారు. వెనక నిలబడ్డవాళ్లలో ఆడవాళ్లు ఐదారుగురు ఓ పక్కగా ఉంటారు. ఆ తరగతిలో అంతమందే ఆడపిల్లలు చదివారా? మిగతావాళ్లు ఏమయ్యారు? ఘనంగా జరిగిందనే వార్తకి ఈ ప్రశ్నతో పని ఉండదు.

2024 ఫిబ్రవరిలో మా బడిలోనూ ఇలాంటి కలయిక జరిగింది. ఖమ్మం జిల్లా మధిర ప్రాంతంలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల మాది. 1984 మార్చిలో పదో తరగతి పరీక్షలు రాసిన తరగతి. కలయికకు ఇరవై ఏడుగురు ఆడవాళ్లు వచ్చారు. పదో తరగతి పరీక్ష రాసిన ఆడపిల్లలు మాత్రం పదిహేడుగురే. ఈ లెక్క ఎలా కుదిరిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను. కుదిర్చినవాళ్లు నలుగురు. ఒకామె అంగన్‌వాడీ టీచరు. ఒకామె మధిరలో బట్టలు కుడుతుంది. ఒకామె పక్క ఊళ్లో బ్రాంచి పోస్టాఫీసు నడుపుతుంది. నాలుగో ఆమె ఉద్యోగం అడిగితే "ఏం లేదు, ఇంట్లోనే" అంటుంది. ఆరునెలలపాటు మిగతా ముగ్గురూ కూర్చున్నది ఆ "ఏం లేదు" ఇంట్లోనే.

వాళ్ల పేర్లు రాయొద్దన్నారు. "నువ్వు రాసి పోతావు, ఊళ్లో ఉండేది మేము" అంది కుట్టుపని చేసే నేస్తం. ఆ మాటలో నిజముంది కాబట్టి వాళ్లు చేసే పనులతోనే వాళ్లని పిలుస్తాను.

2023 ఆగస్టులో మగపిల్లలు, అంటే యాభై అయిదేళ్ల మా క్లాసు మగవాళ్లు, వాట్సాప్ గ్రూపు పెట్టారు. నెల తిరక్కుండా నలభై మందికి పైగా చేరారు. అందులో ఆడవాళ్లు ఇద్దరు. ఆ ఇద్దరిలో మా కుట్టుపని నేస్తం ఒకతె. ఆడపిల్లల సంగతేమిటని గ్రూపులో అడిగింది. "మీరే చూస్కోండమ్మా, మీ వాళ్ల సంగతులు మీకే తెలుస్తయి గదా" అని జవాబు వచ్చింది. చెడ్డ ఉద్దేశంతో అన్న మాట కాదు. పెళ్లింట్లో వంట సంగతి ఆడవాళ్లకి వదిలేసినంత తేలిగ్గా అన్నారు. ఆ తేలికలోనే ఒక అజ్ఞానం ఉంది. మగపిల్లవాణ్ణి వెతకాలంటే ఊళ్లోకి వెళ్లి ఫలానా వాళ్లబ్బాయి ఎక్కడున్నాడని అడిగితే చాలు. నలభై ఏళ్ల తర్వాత కూడా అతని పేరు అదే, ఇంటిపేరు అదే, చాలాసార్లు ఇల్లూ అదే. ఆడపిల్లకి ఈ మూడింట్లో ఏదీ మిగలకపోవచ్చు.

మొదటి తగువు జాబితా దగ్గరే వచ్చింది. బడిలో పదో తరగతి నామినల్ రోల్ దొరికింది. ఆడపిల్లలు పదిహేడుగురు. పని తేలికేననుకున్నారు. అప్పుడు అంగన్‌వాడీ టీచరు, "పది దాకా రానోళ్లు మన క్లాసు కాదా?" అని అడిగింది. ఆమె పేరు ఆ పదిహేడులో లేదు. తొమ్మిదిలో బడి మాన్పించారు. పదో తరగతి ఆమె తర్వాతెప్పుడో ప్రైవేటుగా కట్టి పాసయింది. ఆరు నుంచి తొమ్మిది దాకా మా బెంచీమీద కూర్చున్న మనిషి, మా బ్యాచ్ అని మేం చెప్పుకుంటున్న దాంట్లో లేదు. ఆ ప్రశ్న తర్వాత జాబితా మారిపోయింది. ప్రధానోపాధ్యాయిని అనుమతి తీసుకుని, 1979లో ఆరో తరగతిలో చేరినవాళ్ల అడ్మిషన్ రిజిస్టరు దగ్గర కూర్చుని నలుగురూ పేర్లు ఎక్కించుకున్నారు. ఆడపిల్లలు నలభై ఒక్కమంది తేలారు.

ఆ ఇరవై నలుగురూ ఎందుకు మానేశారో ఆ కాలం పల్లెబడుల్లో చదివినవాళ్లకు చెప్పక్కర్లేదు. కొందరు ఏడో తరగతి కామన్ పరీక్ష దగ్గర ఆగిపోయారు. కొందరిని పెద్దమనిషి కాగానే మాన్పించారు. మిరపకోతలు మొదలైతే పిల్లలు నెలల తరబడి బడికి రాకపోవడం మా వైపు మామూలు. అలా పోయినవాళ్లు కొందరు మళ్లీ రాలేదు. రిజిస్టరులో బడి విడిచిన కారణం రాయడానికి ఒక గడి ఉంటుంది. దాంట్లో చాలామందికి "దీర్ఘకాల గైర్హాజరు" అని ఉంది. పొలంలో పనిచేసిన పిల్ల, తమ్ముణ్ణి ఎత్తుకుని ఇంట్లో ఉన్న పిల్ల, పద్నాలుగేళ్లకే పెళ్లయిపోయిన పిల్ల, అందరికీ ఒకటే కారణం. 1978లోనే చట్టం ఆడపిల్ల పెళ్లి వయసును పద్దెనిమిదికి పెంచింది. ఆ సంగతి మా బడి గోడలు దాటి రాలేదు.

ఇంకో సంగతి కూడా ఆ రిజిస్టరే చెప్పింది. కులం గడి కూడా అందులోనే ఉంటుంది కదా. మానేసిన ఇరవై నలుగురిలో ఎక్కువమంది దళితవాడల నుంచి, తండాల నుంచి వచ్చినవాళ్లే. పది రాసిన పదిహేడుగురిలో అలాంటివాళ్లు ఇద్దరు. "మన బ్యాచ్" అనే మాట ఎంత ఆప్యాయంగా వినబడుతుందో అంత చల్లగా ఎవరెవర్ని బయట పెడుతుందో ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే తెలిసింది. అంగన్‌వాడీ టీచరు ఆ ప్రశ్న అడక్కపోయి ఉంటే మేం పదిహేడుగురిలో పన్నెండుమందిమి కలిసి, కన్నీళ్లు పెట్టుకుని, ఘనంగా జరిగిందనుకుని ఇళ్లకు పోయేవాళ్లం.

వెతుకులాట ఎలా సాగిందో కొంచెం వివరంగా రాస్తాను. పరిశోధన చేసేవాళ్లకు ఇది పనికొస్తుందని నా నమ్మకం.

బడి రిజిస్టరులో పిల్ల పేరు పక్కన తండ్రి పేరు ఉంటుంది. పుట్టిన తేదీ ఉంటుంది. గుర్తుపట్టడానికి రెండు పుట్టుమచ్చలు కూడా రాసి ఉంటాయి. 2023 నవంబరులో అసెంబ్లీ ఎన్నికలు కాబట్టి ఊరూరా ఓటర్ల జాబితాలు తిరుగుతున్నాయి. వాటిల్లో చూద్దామంది పోస్టాఫీసు నేస్తం. పెళ్లయిన ఆడవాళ్లకు అక్కడ భర్త పేరు ఉంటుంది. రెండు కాగితాల్లోనూ ఉన్నది ఒకే మనిషి. కానీ ఆమె ఒకరేనని చెప్పే కాగితం మూడోది ఏదీ లేదు. తండ్రి కూతురు ఒక కాగితంలో ఆగిపోయింది, భర్త భార్య ఇంకో కాగితంలో మొదలయింది. మధ్యలో మిగిలిన ఒక్క ఆధారం సొంత పేరు. అది కూడా నిలవదు. మా లక్ష్ముల్లో ఒకామెకు అత్తగారి పేరూ లక్ష్మే కావడంతో పెళ్లినాడే పేరు మార్చారు. ఆమె ఊరివాళ్లకెవరికీ ఆమె లక్ష్మి అని తెలియదు.

రెండు పేర్లూ ఒకేచోట ఉండే కాగితం ఒక్కటే ఉందని కనిపెట్టింది "ఏం లేదు, ఇంట్లోనే" అనే నేస్తం. అది శుభలేఖ. ఫలానా వారి కుమార్తెను ఫలానా గ్రామ వాస్తవ్యులు ఫలానా వారి కుమారునికి అని అందులోనే ఉంటుంది. పుట్టింటివాళ్ల ట్రంకుపెట్టెల్లో, దేవుడి గూళ్లలో, పాత పంచాంగాల మధ్య అంచులకు పసుపు రాసిన ఆ కార్డులు ఎనిమిది ఇళ్లలో దొరికాయి. ఎనిమిదిమంది అలా దొరికారు. పెళ్లికి కార్డు కొట్టించే స్తోమత లేని ఇళ్లు అంతకు మూడింతలు ఉన్నాయి. అక్కడ కాగితం పనికిరాలేదు, మనుషులే పనికొచ్చారు.

ఆ మనుషుల్లోనూ ఎవర్ని అడగాలో వాళ్లు తొందరగానే నేర్చుకున్నారు. పుట్టింటికి వెళ్లి అన్ననో తమ్ముణ్ణో అడిగితే చెల్లెలి ఊరు పేరు చెప్పేవాడు. ఆమె ఫోన్ నంబరు, ఇప్పుడు ఏ కొడుకు దగ్గర ఉందో, మోకాళ్ల నొప్పులకి ఏ మందు వాడుతోందో చెప్పగలిగింది వదినే. ఆడబిడ్డతో పడదని చెప్పుకున్న వదినలకు కూడా నంబరు నోటికి వచ్చు. పండక్కి పిలవాల్సింది, చీర పెట్టాల్సింది, చావుకబురు చెప్పాల్సింది ఆమే కాబట్టి. బంధుత్వాన్ని నిలిపి ఉంచడమూ శ్రమేనని మానవ శాస్త్రవేత్త మైకేలా డి లియొనార్డో 1987లో రాసిన వ్యాసంలో పేరుపెట్టి చెప్పింది. అమెరికాలోని ఇటాలియన్ కుటుంబాల్లో పండగ కార్డులు రాసేదీ, ఫోన్లు చేసేదీ, విందులకు కూడగట్టేదీ ఆడవాళ్లేనని గమనించి చేసిన సూత్రీకరణ అది. మా నేస్తాలు ఆ వ్యాసం చదవలేదు. వదినని అడగాలని వాళ్లకి మూడో ఇంట్లోనే తెలిసిపోయింది.

అంగన్‌వాడీ టీచరు దారి వేరు. 2023 సెప్టెంబరులో రాష్ట్రంలో అంగన్‌వాడీలు సమ్మె చేశారు. ఆమె టెంటు కింద కూర్చునే, వేరే మండలాల నుంచి వచ్చిన టీచర్లకీ ఆయాలకీ పేర్లు రాసిచ్చింది. "మీ ఊళ్లో ఈ వయసామె, ఫలానా ఊరు పుట్టిల్లు, ఎవరన్నా ఉందేమో చూడు వదినా" అని. ఏ ఇంట్లో కోడలు ఎక్కడినుంచి వచ్చిందో ఊళ్లో అందరికన్నా ముందు తెలిసేది వాళ్లకే. తండాల నుంచి వచ్చిన నేస్తాలు ముగ్గురూ అలాగే దొరికారు.

నన్ను కనుక్కోవడం వాళ్లకు కష్టం కాలేదు. ఉద్యోగం ఉంది, ఇంటిపేరు మార్చుకోలేదు. నలభై ఒక్కమందిలో అలాంటివాళ్లం ఇద్దరం.

దొరకడం ఒక ఎత్తు, మాట్లాడగలగడం ఇంకో ఎత్తు. సొంతంగా వాడుకునే మొబైల్ ఫోను ఉన్న ఆడవాళ్లు దేశంలో 54 శాతమేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. మా వయసువాళ్ల సంగతి చెప్పేదేముంది. నంబరు కొడుకుదో భర్తదో అయి ఉంటుంది. "ఎవరు మాట్లాడేది? ఏం పని? మా నంబరు ఎవరిచ్చారు?" అని మొదలవుతుంది. ఈ మూడు ప్రశ్నలకీ నలుగురూ కూర్చుని జవాబులు తయారుచేసుకున్నారు. మొదటి ఫోన్ ఎప్పుడూ ఆడమనిషే చెయ్యాలి. కలయిక అనే మాట మొదటిరోజు ఎత్తకూడదు. కోడలు ఎత్తితే ఆమెతోనే ముందు స్నేహం చెయ్యాలి, "మీ అత్తమ్మా నేనూ ఒక బెంచీ అమ్మా" అని. అత్తగారి బాల్యం గురించి ఎవరో చెప్పడం కోడలికీ కొత్తే. ఇద్దరు ముగ్గురు కోడళ్లు అలా మా తరఫున ఇంట్లో మాట్లాడి ఒప్పించారు.

ఒకాయన ఫోనులోనే, "మగోళ్లు కూడా వస్తున్నారంటగా" అన్నాడు. కుట్టుపని నేస్తం కోపం తెచ్చుకోలేదు. "వస్తున్నరన్నా. మా పంతులుగారూ వస్తున్నరు. నువ్వు కూడా రా, మధిరలో పనేదన్నా ఉంటే చూస్కుని సాయంత్రం ఇద్దరూ కలిసి పోవచ్చు" అంది. ఆమె వచ్చింది. ఆయన బడిదాకా దింపి, సాయంత్రందాకా మధిర రైల్వే స్టేషనులో కూర్చున్నాడని తర్వాత తెలిసింది. ఇలా రాయబారం చెయ్యడం రాజీ పడటం కాదా అని నాకూ అనిపించింది. అడిగాను. "ఆమె రావాల్నా, నేను గెలవాల్నా?" అంది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఇంకొకామె మాత్రం, ఇల్లు ఒప్పుకున్నా రానంది. "పది ఫెయిలయిన, నేనెట్ల వస్తనే" అంది. పోస్టాఫీసు నేస్తం ఆమె ఊరికి రెండుసార్లు వెళ్లింది. రెండోసారి వెళ్లినప్పుడు ఆరో తరగతి జాబితా చూపించింది. అందులో తన పేరు తన కళ్లతో చూసుకుని వస్తానంది.

తేదీ దగ్గర మళ్లీ తగువు. సంక్రాంతికి పెట్టుకుందామన్నారు మగవాళ్లు, అందరూ ఊళ్లకు వస్తారు కాబట్టి. పండగనాడు ఇంటి ఆడమనిషి ఎక్కడుంటుందో వాళ్లకి తట్టలేదు. కూతుళ్లూ అల్లుళ్లూ వచ్చే ఆ మూడు రోజులూ మాలో ఒక్కరు కూడా పొయ్యి దగ్గర్నుంచి కదలలేరని నలుగురూ గట్టిగా చెప్పారు. ఫిబ్రవరి 21 నుంచి మేడారం జాతర. ఆర్టీసీ బస్సులు అటు మళ్లుతాయి. అందుకని జాతరకు ముందు, 11వ తేదీ ఆదివారం ఖాయం చేశారు. పొద్దున పదికి మొదలై, నాలుగుకల్లా అయిపోవాలి. చీకటిపడేలోగా ఇల్లు చేరాలి కదా. డ్రోన్ కెమెరా, సాయంత్రం పాటకచేరీ కావాలన్నవాళ్లు కొంచెం నొచ్చుకున్నారు.

బస్సు గురించి ఒక మాట. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. దాని మీద వచ్చిన జోకులన్నీ మనం చూశాం. మా కలయికకు వచ్చిన ఇరవై ఏడుగురిలో పద్నాలుగుగురు ఆ జీరో టికెట్టు మీదే వచ్చారు. ఛార్జీలకు డబ్బు అడిగే పని లేకపోవడమంటే ఎందుకు వెళ్తున్నావో చెప్పే పని సగం తగ్గడం. అయితే మధిర సరిహద్దు ఊరు. తిరువూరు, నందిగామ వైపు ఇచ్చిన ఆడపిల్లలు చాలామంది ఉన్నారు. పెళ్లయినప్పుడు అవి పక్క జిల్లా ఊళ్లు, 2014 జూన్ 2 తర్వాత పక్క రాష్ట్రం ఊళ్లు. వాళ్లకి ఈ టికెట్టు వర్తించదు. వాళ్ల కోసం మా క్లాసు మగవాళ్లలో ఇద్దరు ఆటోలు పెట్టుకుని సరిహద్దు దాకా మూడు ట్రిప్పులు తిరిగారు. ఏం చెయ్యాలో అడిగి, చెప్పింది చెప్పినట్టు చేసినవాళ్లు ఆ ఇద్దరు. వాళ్లకీ కృతజ్ఞతలు చెప్పాలి.

చందా విషయంలో కూడా నలుగురిదే చివరిమాట అయింది. మనిషికి రెండు వేలు అనుకున్నారు మొదట. ఆడవాళ్లకు ఆ మొత్తం పెడితే సగంమంది అక్కడే ఆగిపోతారని వాళ్లకు తెలుసు. చేతనయినంత ఇవ్వచ్చు, ఇవ్వకపోయినా ఫరవాలేదు, ఎవరెంత ఇచ్చారో ఫ్లెక్సీ మీద వెయ్యకూడదు అన్నారు. లెక్క పోస్టాఫీసు నేస్తం దగ్గరే ఉంది. ఆ పుస్తకం ఇప్పటికీ ఎవరికీ చూపించలేదు.

ఇంకో నిర్ణయం చిన్నదిగా కనిపిస్తుంది. గుమ్మం దగ్గర ఆడవాళ్లకు బొట్టు పెట్టి, పూలిచ్చి, పసుపు కుంకుమ జాకెట్టు ముక్క పెట్టడం ఆనవాయితీ. నలభై ఒక్కమంది జాబితా ముందు పెట్టుకుని చూస్తే భర్త పోయినవాళ్లు తొమ్మిదిమంది. వాళ్లు గుమ్మం దగ్గరే తడబడతారని, కొందరు ఆ భయంతోనే రారని "ఏం లేదు" నేస్తం అంది. ఆమెకి భర్త పోయి ఆరేళ్లు. బొట్టు, పసుపు కుంకుమ మాట తీసేశారు. వచ్చిన ప్రతి ఆడమనిషి చేతిలో, ఏమీ అడక్కుండా, మూర చామంతిపూలు పెట్టారు. ఎవరిష్టం వాళ్లది. తొమ్మిదిమందిలో వచ్చినవాళ్లు ఏడుగురు. ఏడుగురూ పెట్టుకున్నారని రాస్తే కథలా ఉంటుంది. నలుగురు పెట్టుకున్నారు. ఇద్దరు చేతిలోనే ఉంచుకున్నారు. ఒకామె పక్కామె జడలో తురిమింది.

జాబితాలో అయిదుగురు చనిపోయారు. ఒకామె క్యాన్సరుతో, ఒకామె కాన్పులో, ఒకామె పాముకాటుతో. నాలుగో ఆమె ఎలా పోయిందో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. అయిదో ఆమె, మా తరగతిలో లెక్కలు అందరికన్నా బాగా చేసేది, పెళ్లయిన రెండేళ్లకి స్టవ్వు పేలి చనిపోయింది. ఆ మాటకి అర్థం మా తరం ఆడవాళ్లందరికీ తెలుసు. 498ఏ సెక్షను 1983లో వచ్చింది. వరకట్న మరణాన్ని నేరంగా చెప్పే 304బి 1986లో వచ్చింది. మా పెళ్లిళ్లన్నీ ఆ రెండు చట్టాల చుట్టూ జరిగాయి. ఆమె విషయంలో కేసు లేదు. "స్టవ్వు పేలింది" అన్న మాట తప్ప ఇంకేమీ లేదు.

చనిపోయినవాళ్లకు రెండు నిమిషాల మౌనం కార్యక్రమంలో ఎలాగూ ఉంటుంది. నలుగురూ దాంతో సరిపెట్టుకోలేదు. అయిదుగురి పుట్టిళ్లకూ వెళ్లారు. ఫొటో ఉంటే ఇమ్మని, కలయికకు రమ్మని అడిగారు. లెక్కలు బాగా చేసే మా నేస్తం తల్లికి ఇప్పుడు ఎనభై దగ్గర పడుతున్నాయి. ఇన్నేళ్లలో తన కూతురి పేరు పెట్టి ఎవరూ తమ ఇంటికి రాలేదంది. ఫొటో లేదు, కాలిపోయాక అత్తింటివాళ్లు పెట్టె కూడా పంపలేదు. ఆమె మాత్రం వచ్చింది. పంతుళ్ల పక్కన కుర్చీ వేస్తే వద్దని మా ఆడపిల్లల వరసలో వచ్చి కూర్చుంది. ఆరో తరగతి రిజిస్టరు వరసలోనే పేర్లు పిలిచారు ఆ రోజు. కూతురి పేరు పిలిచినప్పుడు ఆ తల్లి "ఉంది" అంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పిలిచే ఆమె కొంచెంసేపు ఆగి తర్వాతి పేరు పిలిచింది.

కార్యక్రమం చివర్లో వందన సమర్పణ జరిగింది. పంతుళ్లకు, దాతలకు, ఊరి పెద్దలకు, టెంటు వేసినతనికి, మైకు పెట్టినతనికి పేరుపేరునా చెప్పి, "అలాగే సహకరించిన ఆడవాళ్లందరికీ" అని ఒక్క మాటలో ముగించారు. ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. పని ఒకరిదై, దానికి ఇంకొకరు చెయ్యివేస్తే అది సహకారం. ఇక్కడ పని ఎవరిది, చెయ్యి ఎవరిది? జాబితా వీళ్లది, తేదీ వీళ్లది, చందా పద్ధతి వీళ్లది, మనుషుల్ని తెచ్చింది వీళ్లు. కుర్చీలు, భోజనాలు, శాలువాలు వాళ్లవి. వాటి విలువ నేను తగ్గించడం లేదు. కానీ ఖాళీ కుర్చీలకు ఎవరూ సమ్మేళనం అని పేరు పెట్టరు కదా.

2024 కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్లు జీతం లేని ఆ పనికి రోజుకి 289 నిమిషాలు పెడుతుంటే, మగవాళ్లు పెట్టేది 88 నిమిషాలు. మా నేస్తాలు ఫోన్లు చేసింది మధ్యాహ్నం రెండుకీ నాలుక్కీ మధ్య, ఆ 289 నిమిషాలు కాస్త తెరిపి ఇచ్చినప్పుడు. అవతలివాళ్లకీ అదే వేళ తీరిక అని కూడా వాళ్లకి తెలుసు. ఈ ఆరునెలల పనిని సర్వే ఏ గడిలో వేస్తుందో గాని, నా దృష్టిలో ఇది చరిత్ర రచన పని. స్త్రీశక్తి సంఘటన 1986లో "మనకు తెలియని మన చరిత్ర" వెలువరించింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసి, తర్వాత ఇళ్లలో కలిసిపోయిన ఆడవాళ్లను వెతికి పట్టుకుని, వాళ్ల మాటల్లోనే రికార్డు చేసిన పుస్తకం అది. మా కలయికకి అంత పెద్ద పేరు పెట్టను. బడికి వెళ్లడం, మానెయ్యడం తప్ప మేమెవరం పోరాటాలు చెయ్యలేదు. కానీ పద్ధతి అదే. కాగితంలో లేనివాళ్లు చరిత్రలో లేనట్టు కాదనీ, కాగితం ఎక్కడ తెగిందో అక్కడినుంచి మనుషుల్ని అడుగుతూ పోవాలనీ ఆ పుస్తకం మనకి నేర్పింది. విశ్వవిద్యాలయం గడప తొక్కని నలుగురు అదే పని ఇంటి వసారాలో కూర్చుని చేశారు. మనలో కొందరికి ఇలాంటి సమ్మేళనాలంటే చిన్నచూపు ఉంది, పాత రోజుల మీద మోజు అని. నిజమే, ఆ మోజులో పాత రోజుల అన్యాయాలు కూడా తియ్యగా కనిపిస్తాయి. ఆరో తరగతి రిజిస్టరు తెరిచినవాళ్లు మాత్రం ఆ తీపిని ముందే విరగ్గొట్టారు.

తర్వాత ఏమైందో కూడా చెప్పాలి. భర్త పోయి పింఛను కాగితాలు కుదరని ఒక నేస్తానికి పోస్టాఫీసు నేస్తం దగ్గరుండి దరఖాస్తు పెట్టించింది. ఏడుతో మానేసిన ఇద్దరు ఓపెన్ స్కూలు ద్వారా ఇప్పుడు పది రాయచ్చా అని అంగన్‌వాడీ టీచర్ని అడిగారు. రాయచ్చు, పై వయసుకి పరిమితి లేదు. ఒకామె ఫీజు కట్టింది. ఇంకొకామె మనవడి పరీక్షలయ్యాక చూస్తానంది. కుట్టుపని నేస్తం దగ్గరికి ఊళ్లనుంచి జాకెట్లు వస్తున్నాయి. కుట్టడానికి మధ్యాహ్నం వచ్చినవాళ్లు సాయంత్రందాకా కూర్చుని పోతున్నారు.

నలభై ఒక్కమందిలో దొరికినవాళ్లు ముప్పై మూడుమంది. అయిదుగురు లేరు. ముగ్గురి సంగతి ఇంకా తెలియలేదు. ఒకరి కుటుంబం కూలికి వలసపోయింది, ఊళ్లో ఇల్లు కూడా లేదు. ఇద్దరి పుట్టిళ్లలో వాళ్ల పేరెత్తితే మాట దాటేస్తున్నారు. నోటుపుస్తకం చివరి పేజీలో ఆ మూడు పేర్లూ రాసి, పక్కన తండ్రి పేరు, ఊరు, రిజిస్టరులో ఉన్న పుట్టుమచ్చలు ఎక్కించి ఉంచారు. మొన్న ఫోన్ చేస్తే, కొత్తగా బదిలీ మీద వచ్చిన ఆయాది ఆ వలసపోయిన నేస్తం ఊరి పక్క ఊరేనట, ఆమెని అడిగి చూస్తున్నామని చెప్పారు.